తుప్పును ఆపుతానన్న పెట్టె



మన సంఘములలో వాహనములు పెరిగాయి. ఒకప్పుడు పాస్టరుగారు సైకిలు మీదనే నాలుగు ఊళ్ల పరిచర్య చేసేవారు. ఇప్పుడు ఆదివారము వృద్ధులను మందిరానికి తెచ్చే వ్యాను ఒకటి, సువార్త కూడికలకు మైకుసెట్టు, జంపఖానాలు మోసే చిన్న ట్రక్కు ఒకటి చాలాచోట్ల కనబడుతున్నాయి. కుటుంబాల సంగతి చెప్పనక్కరలేదు. రొయ్యలకో, ధాన్యానికో, కిరాయికో వాయిదాల మీద బండి తీసుకున్న యౌవనస్థులు ప్రతి ఊరిలోను ఉన్నారు. కానుకతో కొన్నా, అప్పుతో కొన్నా, వాయిదాలు తీరకముందే అడుగు రేకు చిల్లిపడితే ఆ నష్టము ఇంటిల్లిపాదిదీ.

అందుచేత విదేశాలలో ఉన్న మన పిల్లలు ఫోను చేసి, "ఇక్కడ కార్లకు తుప్పు పట్టకుండా ఎలక్ట్రానిక్ పెట్టె పెడుతున్నారు నాన్నా, మన బండికి ఒకటి పంపమంటారా?" అని అడిగితే ఆశ కలుగుట సహజము. ఆ పెట్టె సంగతి ఈ నెల చూద్దాము.

ఇది ముఖ్యముగా మంచుదేశాల వస్తువు. కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను శీతాకాలములో రోడ్ల మీద మంచు కరుగుటకు ఉప్పు చల్లుతారు. చక్రాలు ఆ ఉప్పునీటిని బండి అడుగంతా చిమ్ముతాయి. అందుకే అక్కడ కొత్త కారు కొన్న రోజునే షోరూములో ఈ పెట్టెను కూడా అంటగట్టే వాడుక ఉన్నది. ధర కొన్ని వందల డాలర్లు.

బిగించుట కష్టమేమీ కాదు. అరచేతిలో పట్టే పెట్టె. బానెట్టు కింద, ఇంజను వేడి తగలని చోట దానిని మరలతో బిగిస్తారు. ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్సుకు, నల్ల తీగ బాడీ ఎర్తుకు కలుపుతారు. ఎర్ర తీగకు ఒక ఫ్యూజు. పెట్టె నుండి వచ్చే మరి ఒకటి రెండు తీగల చివర చిన్న ప్యాడ్లు ఉంటాయి. రంగు మీది జిడ్డు తుడిచి వాటిని రేకుకు అంటిస్తారు. చిన్న దీపము వెలిగితే పెట్టె పనిచేస్తున్నట్టు. బండి నిలిచి ఉన్నా అది రాత్రింబగళ్లు కొద్దిపాటి కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. దీపమును చూచిన యజమానికి ధైర్యముగా ఉంటుంది. కాని దీపము వెలుగుట వేరు, తుప్పు ఆగుట వేరు.

అమ్మేవారు చెప్పే శాస్త్రము వట్టి అబద్ధము కాదు. అందుకే చదువుకున్నవారు కూడా నమ్ముతారు. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజను కలిసినచోట తుప్పు పుడుతుంది. ఆ తడిలో ఇనుము తన ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటుంది. తడిలో ఉప్పు ఉంటే ఆ పని మరింత వేగముగా సాగుతుంది. బయట నుండి మనమే ఎలక్ట్రాన్లు అందిస్తే ఇనుము తనవి పోగొట్టుకోదు. 1824లో ఇంగ్లండులో సర్ హంఫ్రీ డేవీ, ఓడల అడుగున వేసిన రాగి రేకులను ఇనుము, జింకు ముక్కలు తగిలించి కాపాడవచ్చునని చూపించాడు. (రాగి చెడకుండా నిలిచింది గాని, అలా నిలిచిన రాగికి సముద్రపు నాచు, గుల్లపురుగులు దట్టముగా పట్టి ఓడల వేగము తగ్గింది. ఒక చిక్కు తీర్చబోతే మరొకటి!) నేటికిని అదే సూత్రము. విశాఖ, కాకినాడ రేవులలో పనిచేసే సహోదరులను అడగండి, ఇనుప ఓడల అడుగున జింకు దిమ్మలు బిగించుట వారు చూచే ఉంటారు. భూమిలో పాతిన గ్యాసు, చమురు గొట్టములకు కరెంటు ఇచ్చి కాపాడుట కూడా ఇదే పద్ధతి.

అయితే ఓడ నీటిలో ఉన్నది. గొట్టము తడి మట్టిలో ఉన్నది. కాపాడే లోహానికి, కాపాడబడే ఇనుముకు మధ్య ఆ నీరో, మట్టో ఎడతెగకుండా ఉండి కరెంటుకు దారి ఇస్తుంది. మన బండి ఎక్కడ ఉన్నది? గాలిలో. తలుపు మూలలో ఒక తడి, మడ్గార్డు వెనుక ఒక బురద ముద్ద, ఛాసిస్ లోపల ఒక చెమ్మ. ఈ తడికి ఆ తడికి సంబంధము లేదు. బానెట్టు కింద అంటించిన ప్యాడు వెనుక తలుపు అడుగున కూర్చున్న తడిని ఎలా చేరుతుంది? ఆ మధ్య దారి లేదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

కొందరు అమ్మకందార్లు తొట్టెలో ఉప్పునీళ్లు పోసి, రెండు ఇనుప ముక్కలు వేసి, ఒకదానికి మాత్రము తీగ తగిలించి చూపిస్తారు. తీగ ఉన్న ముక్క తళతళలాడుతుంది, లేనిది ఎర్రబడుతుంది. అది కనికట్టు కాదు, నిజమే. కాని మీరు బండిని తొట్టెలో నిలబెట్టరు గదా! పరీక్షలు జరిగాయని కాగితములు చూపిస్తే ఒకే మాట అడగండి: పరీక్షించినది నీటిలో మునిగిన రేకునా, రోడ్డు మీద తిరిగే బండినా?

ఇది మా అనుమానము మాత్రమే కాదు. 1996లో అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఇటువంటి పెట్టెలను అమ్మిన ఒక వ్యాపారిని 'రస్ట్ బస్టర్', 'రస్ట్ ఈవేడర్' అనే పేర్లు వాడుట మానమనీ, కొనుగోలుదారుల నష్టానికి సొమ్ము చెల్లించమనీ ఆదేశించింది. ఆ తరువాత కూడా ఇతర పేర్లతో, ఇతర రకాల పెట్టెలు వస్తూనే ఉన్నాయి. గ్యారంటీ ఉన్నదంటారు. చిన్న అక్షరాలు కూడా చదవండి. పైపైన కనబడే తుప్పుకు గ్యారంటీ వర్తించదనీ, ఏటేటా వారి దగ్గరే తనిఖీ చేయించాలనీ తరచుగా వ్రాసి ఉంటుంది. ఇక్కడి పల్లెలో ఉన్న బండిని ఏ తనిఖీకి తీసుకువెళ్తారు?

కాబట్టి మా అభిప్రాయము సూటిగా చెబుతున్నాము. సంఘపు సొమ్ముతో ఈ పెట్టె కొనవద్దు. అబ్బాయి ఇదివరకే పంపి ఉంటే, ప్రేమతో పంపినదానిని చిన్నబుచ్చనక్కరలేదు. ఫ్యూజుతో సహా బిగించుకోండి. వారాల తరబడి బండి తీయకపోతే బ్యాటరీ మీద మాత్రము కన్ను వేయండి. పెట్టె ఉన్నది గదా అని అడుగు కడుగుట మానివేస్తే అప్పుడు నిజముగా మోసపోయినట్టే.

కొండమీది ప్రసంగములో ప్రభువు తుప్పును గూర్చి చెప్పనే చెప్పాడు, ఇక బండిని కడుగుట దేనికి అని కొందరు హాస్యమాడతారు. విధవరాలి కానుక కూడా చేరిన బండిని నిర్లక్ష్యము చేయుటకు ఆ వాక్యము అనుమతి కాదు.

మనకు మంచు లేదు గాని ఉప్పుకు కొదువ లేదు. భీమవరము నుండి నెల్లూరు దాకా రొయ్యల చెరువుల మధ్య తిరిగే బండ్లకు, ఉప్పాడ, చీరాల వంటి తీరపు ఊళ్ల బండ్లకు గాలిలోనే ఉప్పు. చేపల పెట్టెల నుండి కారే ఐసు నీరు సరేసరి. సముద్రానికి దూరముగా ఉన్నవారు మాకేమి అనుకోవద్దు. పొలానికి వేసే పొటాషు ఎరువు కూడా ఒక విధమైన ఉప్పే. చిరిగిన బస్తా నుండి బండి మూలల్లో పడిన పొటాషు వాన తడికి కరిగి రేకును తింటుంది. అటువంటి లోడు దింపిన రోజునే మంచినీటితో కడగాలి. ఉప్పునీటి బోరు నీళ్లతో కడిగితే కడగనట్టే.

పైన తళతళలాడేటట్టు తుడుచుట కాదు, కింద కడుగుట ముఖ్యము. మడ్గార్డుల లోపల గట్టిపడిన దమ్ము బురదను కర్రముక్కతో గీకి తీయండి. తలుపుల అడుగున నీరు పోవుటకు సన్నని రంధ్రములు ఉంటాయి. అవి మూసుకుపోతే తలుపు లోపల నీరు నిలిచి లోపలి నుండి కుళ్లుతుంది, బయట రంగు బుడగలుగా లేచేవరకు మనకు తెలియదు. పుల్లతో తెరిస్తే చాలు, దీనికి డాలర్లు అక్కరలేదు. కాళ్ల కింది మ్యాట్లు వానాకాలములో ఎత్తి ఎండబెట్టాలి. రంగు లేచినచోట గరుకు కాగితముతో రుద్ది, రెడ్ ఆక్సైడు పూసి, పైన రంగు వేయాలి. ఏటా వానలకు ముందు అడుగు భాగము బాగా ఆరిన తరువాత మంచి షెడ్డులో కోటింగు వేయించండి. తడి మీద వేస్తే తడిని లోపల పెట్టి తలుపు మూసినట్టే. మన వైపు పాత ఇంజను ఆయిలు చిమ్మే అలవాటు ఉన్నది. అది రబ్బరు బుష్షులను పాడుచేస్తుంది. బ్రేకుల మీద పడితే ప్రాణాపాయము.

బ్రేకుల మాట వచ్చింది గనుక ఇది కూడా. చక్రాలకు బ్రేకు ఆయిలు తీసుకుపోయే సన్నని ఇనుప పైపులు బండి అడుగునే ఉంటాయి. వాటిని తుప్పు తింటే ముందుగా ఏ శబ్దము రాదు. గట్టిగా తొక్కిన రోజున పగులుతాయి. ఆదివారపు వ్యానులో ఎక్కేది మన అమ్మమ్మలు, సండేస్కూలు పిల్లలు. ఈసారి సర్వీసింగుకు ఇచ్చినప్పుడు బండిని పైకి ఎత్తించి, మెకానిక్కు పక్కన నిలబడి, ఆ పైపులను చివరిదాకా టార్చిలైటు వేసి చూపించమనండి. పొక్కులు కనబడితే ఆ వారము వ్యాను తీయకుండా పైపులు మార్పించండి.