ముందు మార్కెట్ యార్డు, ఆ తర్వాత ఎంబీఏ

దేవనకొండ, పత్తికొండ, ఆలూరు మండలాల్లో డిగ్రీ చదివే పిల్లల్లో చాలామంది తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివారే. డిగ్రీ పట్టా చేతికి రాగానే వాళ్ల ముందుకొచ్చే ప్రశ్న ఒకటుంది: ఐసెట్ రాసి వెంటనే ఎంబీఏలో చేరాలా, ఏదైనా పనిలో కుదురుకుని కొన్నాళ్లు ఆగాలా? ఐసెట్‌లో అర్హత సాధించడం పెద్ద కష్టం కాదు. 200 మార్కులకు 50 వస్తే చాలు; ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. సీటు సులువుగా దొరుకుతుంది కనుక ఆలోచించకుండానే చేరిపోతున్నారు. కనీసం రెండేళ్లు పని చేశాకే ఎంబీఏలో చేరడం మేలని, అలాగని నాలుగైదేళ్లు దాటనివ్వకూడదని నా వాదన.

మేనేజ్‌మెంట్ చదువు మన దగ్గర ఎలా మొదలైందో చూస్తే ఈ మాటకు ఆధారం దొరుకుతుంది. అహ్మదాబాద్, కలకత్తా ఐఐఎంలు 1961లో వచ్చాయి. అంతకంటే ముందే, 1956లో, హైదరాబాద్‌లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఏర్పడింది. అది అప్పటికే బాధ్యతల్లో ఉన్న అధికారులకు, కంపెనీల మేనేజర్లకు శిక్షణ ఇవ్వడానికి పుట్టిన సంస్థ. అదే నగరంలో 2001లో తలుపులు తెరిచిన ఐఎస్‌బీ తన ప్రధాన కోర్సుకు రెండేళ్ల పని అనుభవం అడుగుతుంది. అహ్మదాబాద్ ఐఐఎం నడిపే ఏడాది కోర్సుకు నాలుగేళ్లు కావాలి. ఈ నిబంధనల వెనక కారణం ఉంది. అక్కడి పాఠం ఒక సంస్థకు ఎదురైన చిక్కును తరగతి ముందు పెట్టి, మీరైతే ఏం చేస్తారని అడుగుతుంది. ఎప్పుడూ ఏ నిర్ణయం బరువూ మోయని విద్యార్థి పుస్తకంలోని జవాబు చెప్పగలడు, అంతే.

ఆ బరువు తెలియాలంటే మనవాళ్లు దూరం పోనక్కర్లేదు. ఆదోని మార్కెట్ యార్డుకు వచ్చిన పత్తిలో తేమ 8 శాతం దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) మద్దతు ధరలో కోత పెడుతుంది, 12 దాటితే కొనదు. రైతు పత్తిని ఆరబెట్టుకుని ఆగాలా, ఆ రోజే వ్యాపారికి తెగనమ్ముకోవాలా అన్నది అతని అప్పు తేలుస్తుంది. జిన్నింగ్ మిల్లులో రెండు సీజన్లు లెక్కలు రాసినవాడికి వర్కింగ్ క్యాపిటల్ అంటే ఏమిటో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. పత్తికొండలో గిట్టుబాటు కాక టమాటాను రోడ్డు పక్కన పారబోసిన రోజులున్నాయి. నిల్వకు, శుద్ధికి దారి లేకపోతే సరఫరా గొలుసు ఎక్కడ తెగుతుందో అక్కడ కళ్లకు కడుతుంది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం నెలకొల్పారు. నూలు కొనే చోటా, బట్ట అమ్మే చోటా విడివిడిగా నష్టపోయే నేతగాళ్లు ఒక్కటైతే బేరం ఎలా మారుతుందో ఆ సంఘం చరిత్ర చెబుతుంది. ఇవన్నీ చూసి తరగతికి వెళ్లిన విద్యార్థి గురువును ప్రశ్నలడుగుతాడు. చదువు విలువ అక్కడ పెరుగుతుంది.

డబ్బు సంగతీ ఆలోచించాలి. ప్రైవేటు కాలేజీల్లో పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను 2020లో జీవో 77తో ఎత్తేసినప్పుడు భారం నేరుగా ఇళ్ల మీద పడింది. ప్రభుత్వ సాయం ఎప్పుడూ ఉంటుందన్న నమ్మకంతో రెండేళ్ల చదువుకు దిగడం ప్రమాదమని అది నేర్పింది. బ్యాంకు రుణమైతే సాధారణంగా కోర్సు ముగిసిన ఏడాదికి కిస్తీలు మొదలవుతాయి, వడ్డీ మాత్రం చదువుతుండగానే పెరుగుతుంది. ఆ ఏడాదిలోపు మంచి ఉద్యోగం రావాలంటే, డిగ్రీ తర్వాత ఏం చేశావని అడిగే కంపెనీకి చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి. అనుభవం లేనివారికీ ఐఐఎంలు సీట్లిస్తున్నాయి కదా అంటారు. నిజమే. క్యాట్‌లో మంచి స్కోరుతో అలాంటి సీటు వస్తే వదులుకోవద్దు. అక్కడికి వచ్చే కంపెనీలు కొత్తవారికి తర్ఫీదు ఇవ్వడానికి సిద్ధపడే వస్తాయి. మామూలు కాలేజీకి ఆ వెసులుబాటు లేదు. మధ్యలో ఆగితే చదువు అటకెక్కుతుందని తల్లిదండ్రుల భయం. క్యాట్‌కు వయోపరిమితి లేదు, ఎన్నిసార్లయినా రాయవచ్చు. జీమ్యాట్ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. అయినా ఆ భయంలో న్యాయం ఉంది, అందుకే నాలుగైదేళ్ల గడువు పెట్టుకోమంటున్నాను. పిల్లలు, ఇంటి ఖర్చులు మీద పడ్డాక జీతం వదిలి తరగతికి వెళ్లడం ఎవరికైనా కష్టం. అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఆడపిల్లలది: చదువు ఆపితే పెళ్లి చేసేస్తారు. అలాంటి ఇంట్లో ఎంబీఏ సీటే ఆ అమ్మాయికి అండ. ఆమె వెంటనే చేరాలి, సెలవుల్లో పని నేర్చుకోవాలి. ఆమెను ఆగమని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

మిగిలినవారికి ఒకటే విన్నపం. ఈ ఏడాది ఐసెట్ దరఖాస్తు నింపే ముందు ఒక మిల్లులోనో, బ్యాంకు శాఖలోనో, రైతు ఉత్పత్తిదారుల సంఘంలోనో పని అడగండి. జీతం తక్కువైనా చేరండి. రెండేళ్ల తర్వాత ఎంబీఏ సీటు ఇప్పటిలాగే దొరుకుతుంది. దాన్ని వాడుకోవడం మాత్రం అప్పటికి మీకు బాగా తెలిసి ఉంటుంది.