పాలు మానకముందే బేరమా?

కుక్కపిల్ల కొనబోయేవాళ్లు మొదట అడిగేది ధర. ఆ వెంటనే "ఇంకా చిన్నది లేదా?" అంటారు. కొంప ముంచుతున్నది ఈ రెండో ప్రశ్నే. మైలాపూరు, మందవెల్లి వీధుల్లో పాత పెంకుటిళ్లు పోయి అపార్టుమెంట్లు లేచాక గుమ్మం ముందు వీధికుక్కకు ముద్ద వేసే అలవాటు తగ్గింది. మూడో అంతస్తు ఫ్లాటులో ల్యాబ్రడారో, షిట్జూనో పెంచుకోవడం పెరిగింది. పెంచుకోవడంలో తప్పేమీ లేదు. అయితే అరచేతిలో ఇమిడే పిల్లే కావాలన్న మోజు చూసి అమ్మేవాళ్లు తొందరపడుతున్నారు. ముప్పై, ముప్పై అయిదు రోజులకే తల్లి దగ్గర నుంచి లాగేసి, అట్టపెట్టెలో పెట్టి చేతికిచ్చేస్తున్నారు. వయసెంతంటే "నలభై అయిదు రోజులు సార్" అని గుక్క తిప్పుకోకుండా చెబుతారు. పుట్టిన తేదీ రాసిన కాగితం మాత్రం ఉండదు.

నిజానికి నలభై అయిదు రోజులైనా తప్పే. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదన్నది జంతుప్రేమికుల కోరిక కాదు, చట్టం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద కేంద్రం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు ఈ మాటే చెబుతున్నాయి. దుకాణాలకు 2018లో వచ్చిన నిబంధనలదీ అదే మాట. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్టరు చేసుకోవాలి. పిల్లతోపాటు టీకాల వివరాలు కొన్నవారి చేతికివ్వాలి.

ఆ మూల చట్టానికి పురుడు పోసింది మైలాపూరు పొరుగునే. కళాక్షేత్ర వ్యవస్థాపకురాలు రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభకు వెళ్లి, జంతుహింసపై ప్రైవేటు బిల్లు పెట్టి పట్టుబట్టబట్టే ఆ చట్టం వచ్చింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు ఆమే తొలి అధ్యక్షురాలు. 2018లో హర్యానాకు తరలిపోయేదాకా ఆ బోర్డు ప్రధాన కార్యాలయం చెన్నైలోనే ఉంది. బ్లూక్రాస్ పుట్టిందీ ఇక్కడే, 1959లో. ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో పాలు మానని పిల్లల బేరం ఫోన్‌లో ఫొటో పెట్టి మరీ సాగుతోంది.

అరవై రోజులు ఎందుకు? పుట్టిన పది, పన్నెండు రోజులకు గానీ కుక్కపిల్ల కళ్లు తెరవదు. చెవులు వినిపించేసరికి మూడో వారం వస్తుంది. అప్పుడే పాలపళ్లు మొలవడం మొదలవుతుంది, మెత్తటి తిండి మూతికి అంటుతుంది. అసలు చదువు ఆ తర్వాతే. తోబుట్టువుతో కుమ్ములాడుతూ గట్టిగా కొరికితే అది కుయ్యిమని ఆట మానేస్తుంది. తల్లి చన్ను కొరికితే తల్లి గుర్రుమని తోసేస్తుంది. ఎంత కొరికితే నొప్పో పిల్లకు అలా తెలిసివస్తుంది. ముప్పయ్యో రోజున విడదీసిన పిల్లకు ఈ బడే ఉండదు. ఇంట్లో పసివాడి చెయ్యి నోట పట్టుకున్నప్పుడు ఎక్కడ ఆగాలో దానికి ఎవరు చెప్పారు కనుక? 2011లో ఇటలీ పరిశోధకులు 140 కుక్కలను పోల్చి చూశారు. అరవై రోజులు తల్లి దగ్గరున్న వాటికంటే, ముప్పై, నలభై రోజులకే వేరైనవాటిలో అతిగా మొరగడం, బెదరడం, వస్తువులు చీల్చిపారెయ్యడం ఎక్కువగా కనిపించాయి.

ఇక పార్వో. తల్లి పాలతో వచ్చిన రక్షణ తగ్గుతూ, టీకా రక్షణ ఇంకా పూర్తిగా అందని సందులో పడి కొట్టే జబ్బు ఇది. వాంతులు, నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే పిల్ల చేజారిపోవచ్చు. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వేస్తారు. పదహారు వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ వేయించాలి. ముప్పై అయిదో రోజునే అమ్మేస్తే ఆ టీకా ఖర్చూ, తిండి ఖర్చూ, చచ్చిపోతుందేమోనన్న భయమూ అన్నీ కొన్నవాడి నెత్తినే. వ్యాపారి లెక్క ఇదే. వేపేరి పశువైద్య ఆసుపత్రికి పరుగెత్తేది మాత్రం పిల్లకు పేరు పెట్టుకున్న ఇంటివాళ్లు.

అలాగని మరీ ఆలస్యమూ పనికిరాదు. మనుషులకూ, చప్పుళ్లకూ పిల్ల సులువుగా అలవాటు పడేది మూడో వారం నుంచి పన్నెండో వారం దాకానేనని అమెరికా శాస్త్రవేత్తలు స్కాట్, ఫుల్లర్ 1965లోనే తేల్చారు. నాలుగు నెలలు బోనులోనే ఉంచి తెస్తే కుక్కరు విజిల్‌కీ బెదిరిపోతుంది. ఎనిమిది నుంచి పది వారాలు మేలు. మరీ చిన్న జాతులైతే ఇంకో రెండు వారాలు ఆగినా నష్టం లేదు.

ఇది చెన్నై గొడవ, ఇక్కడివాళ్లకేం అనుకోవడానికి వీల్లేదు. తిరుపతి, చిత్తూరు, నెల్లూరు వాళ్లు జాతికుక్క కావాలంటే మొదట చూసేది చెన్నై వైపే. నెల రోజుల పిల్లను బుట్టలో పెట్టుకుని మూడు నాలుగు గంటలు బస్సులో ఊగుతూ తెస్తే, ఇల్లు చేరేసరికే అది సగం డీలా పడుతుంది. సరిహద్దు దాటినా చట్టం మారదు. ఆంధ్రాలోనూ అవే ఎనిమిది వారాలు.

చెన్నై కార్పొరేషన్ 2025 చివర్లో పెంపుడు కుక్కలకు లైసెన్సు, మైక్రోచిప్పు తప్పనిసరి చేసి, లైసెన్సు లేకుంటే రూ.5,000 జరిమానా అంది. మంచిదే. కానీ పెంచేవాణ్ని పట్టుకున్నంత గట్టిగా అమ్మినవాణ్ని పట్టుకోవడం లేదు. లైసెన్సు ఇచ్చేచోటే పుట్టిన తేదీ, అమ్మినవారి రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరిగా రాయించాలి. రెండు తేదీల మధ్య యాభై ఆరు రోజులు లేకపోతే ఆ నంబరు మీద నోటీసు వెళ్లాలి. తిరుపతి, నెల్లూరు కార్పొరేషన్లలోనూ ఈ పద్ధతి ఉండాలి.

కొనేవాళ్లు కూడా ఫొటో చూసి డబ్బు పంపడం మానాలి. వెళ్లి తల్లిని చూడాలి, పిల్ల దాని దగ్గర పాలు తాగుతోందో లేదో చూడాలి. నోరు తెరిపించి చూడాలి. ఎనిమిది వారాల పిల్లకు పాలపళ్లు ఇరవై ఎనిమిదీ దాదాపు వచ్చేసి ఉంటాయి. "తల్లి వేరే ఊళ్లో ఉంది సార్" అన్నారంటే అడ్వాన్సు ఇవ్వకుండా వెనక్కి వచ్చెయ్యాలి.