నాన్న కాలు, ఇంగ్లీషు కాగితం

మా నాన్న టైలరు. ముప్పై ఏళ్లుగా మిషను ముందు వంగి కూర్చునే బతుకు. పోయిన దసరా ముందు, ఆర్డర్లు నెత్తిమీద ఉన్న రోజుల్లో, కుడికాలు పట్టేసింది. పిరుదు దగ్గర మొదలై, తొడ వెనక నుంచి పిక్కలోకి, అక్కణ్నుంచి చిటికెన వేలి దాకా షాకు కొట్టినట్టు లాగేదట. తుమ్మొస్తే గోడ పట్టుకునేవాడట. పెడలు తొక్కే కాలే అది.

ఊళ్లో తలో మాట. "నరం పట్టింది, తోమిస్తే దిగుద్ది" అన్నారొకరు. "నెల రోజులు మంచం దిగకు" అన్నారింకొకరు. "ఆపరేషనే, అప్పు చూసుకో" అన్నాడు మా పెదనాన్న. నేను హాస్టల్లో కూర్చుని యూట్యూబ్ లింకులు పంపాను. అందులో ఒకటి కాళ్లు చాపి, ముందుకి వంగి వేళ్లు అందుకోవడం. అది చేశాక నాన్నకి ఇంకా ఎక్కువైంది. ఆ పాపం నాదే.

తర్వాత కూర్చుని చదివితే తెలిసింది. మన ఒంట్లో అన్నిటికంటే లావైన నరం సయాటిక్ నరం. నడుము దగ్గర వెన్నుపూసల మధ్య నుంచి వచ్చే వేర్లు కలిస్తే అది తయారవుతుంది. పూసల మధ్య వాషర్లలా డిస్కులుంటాయి కదా, వాటిలో ఒకటి ఉబ్బి ఆ వేరుని నొక్కినా, అక్కడ వాపు వచ్చినా నొప్పి కాల్లో తెలుస్తుంది. అంటే రోగం నడుములో, గోల కాల్లో. సర్క్యూట్ ల్యాబులో తప్పు ఒకచోట ఉంటే బల్బు ఇంకోచోట ఆరిపోయినట్టు.

మంచం దిగొద్దన్న సలహా సంగతి చూద్దాం. నెదర్లాండ్స్‌లో 183 మంది సయాటికా రోగుల మీద ఇదే పరీక్షించారు. సగం మందిని రెండు వారాలు మంచం మీద ఉంచారు, మిగతావాళ్లని వాళ్ల పనులు చేసుకోమన్నారు. పడుకున్నవాళ్లకి అదనంగా ఒరిగిందేమీ లేదు. ఇది 1999లో అచ్చయిన మాట. మా పెదనాన్న ఆపరేషన్ మాటకీ అక్కడి నుంచే 2007లో జవాబొచ్చింది. త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి నొప్పి తొందరగా తగ్గింది, నిజమే. కానీ ఏడాది తిరిగేసరికి ఆగి చూసినవాళ్లూ దాదాపు వాళ్లతో సమానంగానే ఉన్నారు.

అమ్మ పోరు పడలేక నాన్న ఫిజియోథెరపీకి వెళ్లాడు. సిట్టింగుకి 300. మొదటి నాలుగు రోజులు కరెంటు పెట్టారు, వేడి పెట్టారు. హాయిగా ఉందన్నాడు. అయిదో రోజు ఎక్సర్‌సైజులున్న కాగితం ఇచ్చి ఇంట్లో చేసుకోమన్నారు. కాగితం మొత్తం ఇంగ్లీషు. నాన్న ఆరో తరగతి, అదీ తెలుగు మీడియం.

బొమ్మలు చూసి, బోర్లా పడుకుని, చేతుల మీద ఛాతీ లేపడం మొదలుపెట్టాడు. మూడు రోజులకి పిక్కలో నొప్పి పోయింది గానీ నడుములో ఎక్కువైంది. "నొప్పి పైకెక్కుతోందిరా, గుండె దాకా వస్తుందేమో" అని ఫోన్లో గొంతు తగ్గించి చెప్పాడు. వ్యాయామం మానేశాడు.

అసలు విషయమేంటంటే, అది మంచి సూచన! కాలి చివర ఉన్న నొప్పి వెనక్కి తగ్గుతూ నడుములోకి చేరితే దారి సరైనదని ఫిజియోలు లెక్కేస్తారు. దీన్ని పట్టుకున్న కథ తమాషాగా ఉంటుంది. 1956లో న్యూజిలాండ్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియో, కాలు నొప్పితో వచ్చినాయన్ని బల్ల మీద బోర్లా పడుకోమని పక్కగదిలోకి వెళ్లాడు. బల్ల తలవైపు ఎత్తి ఉందని ఇద్దరూ పట్టించుకోలేదు. కాసేపయ్యాక వచ్చి చూస్తే రోగి వెనక్కి విల్లులా వంగి ఉన్నాడు, కాలు నొప్పి పోయిందన్నాడు. ఆ పొరపాటు నుంచే ఒక వైద్య పద్ధతి పుట్టింది.

ఈ ఒక్క ముక్క తెలుగులో చెప్పి ఉంటే నాన్నకి పదిహేను రోజులు వృథా అయ్యేవి కావు. నా అభిప్రాయం ఇదే: ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టడం కాదు, నేర్పడం. ఏ వైపు వంగితే తగ్గుతోంది, ఎంతసేపటికోసారి లేవాలి, ఏ నొప్పికి భయపడాలి, దేనికి అక్కర్లేదు అన్నవి రోగి చేతికివ్వాలి. అది చేతికి రాకపోతే 300 పెట్టి వేడి కొనుక్కున్నట్టే. వ్యాయామం డిస్కుని లోపలికి నెట్టేస్తుందని నేననను. చాలామందిలో ఉబ్బిన ముక్క నెలల మీద దానంతటదే కుంచించుకుపోతుంది. ఈలోగా మనిషి భయంతో బిగుసుకుపోకుండా నిలబెట్టేది ఈ నేర్పే.

భయపడాల్సినవీ ఉన్నాయి. పాదం పైకి లేవకుండా వేలాడిపోయినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పడిపోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా వ్యాయామం, గియ్యాయామం ఏమీ వద్దు. అదే రోజు పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. నాన్న కాగితంలో ఇదీ ఉంది, చిన్నక్షరాల్లో, ఇంగ్లీషులో.

సంక్రాంతి సెలవుల్లో నాన్నని తీసుకుని మళ్లీ వెళ్లాను. ఆ ఫిజియో మేడం మంచావిడే. ఆవిడ చెబుతుంటే నేను తెలుగులో రాసుకున్నాను. మన క్లబ్బులో ఉన్నాను కదా అన్న పొగరుతో "అధోముఖంగా శయనించి" అని మొదలుపెట్టాను. నాన్న చదివి, సుద్దముక్క పక్కనపెట్టి, పెన్ను తీసుకుని కొట్టేసి "బోర్లా పడుకో" అని రాశాడు. అరగంటకోసారి లేవమన్నచోట "రెండు జాకెట్లకోసారి లే" అని మార్చాడు.

ఆ కాగితం ఇప్పుడు మిషను పక్క గోడకి ఉంది. కాలు పూర్తిగా తగ్గలేదు, చలిపొద్దున ఇంకా లాగుతుందట. పెడలు మాత్రం తొక్కుతున్నాడు. కొలతలకొచ్చినవాళ్లు ఫోటో తీసుకుంటామంటే ఒప్పుకోడు. "ఇది నా కాలికి రాసింది, మీరెళ్లి మీది రాయించుకోండి" అంటాడు.