నాంపల్లిలో దిగినవారికి నడిచే దారేది?

హైదరాబాద్: జిల్లాల నుంచి రైలులో వచ్చి నాంపల్లి స్టేషనులో దిగే పల్లె ప్రజలు చాలావరకు ఏదో ఒక అవసరం మీద వచ్చేవారే. కొందరు జబ్బు చేసిన బిడ్డను ఎత్తుకొని రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రికి పోవాలి. కొందరు క్యాన్సర్ వైద్యానికి ఎం.ఎన్.జె. ఆసుపత్రికి పోవాలి. కొందరికి నాంపల్లి కోర్టులో వాయిదా ఉంటుంది. మరికొందరికి ఆబిడ్స్‌లో పని. ఇవన్నీ స్టేషనుకు దగ్గరివే. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు సుమారు కిలోమీటరు దూరం. పొద్దున లేచి చేను దాకా పోయివచ్చే రైతుకు ఇదొక నడక కాదు. అయినా ఆటో ఎక్కక తప్పడం లేదు. దూరం ఎక్కువై కాదు, నడిచే బాట సరిగా లేక.

ఫుట్‌పాత్ ఉన్నచోట కూడా నాలుగడుగులు సాగనివ్వదు. ఒకచోట మోటారు సైకిళ్లు, ఒకచోట దుకాణం సామాను, మరొకచోట కరెంటు స్తంభం. మూట నెత్తిన పెట్టుకున్న ముసలివారు కూడా బస్సుల మధ్యకు దిగి నడవవలసి వస్తున్నది. సైకిలు తొక్కేవారి పాట్లు చెప్పనక్కరలేదు.

స్టేషనుకు కూతవేటు దూరంలోనే పబ్లిక్ గార్డెన్స్ ఉన్నది. నిజాముల నాటి ఈ తోటకు బాగే ఆమ్ అని పేరు. అంటే అందరి తోట. నుమాయిష్ 1938లో మొదలైనది ఇక్కడే. 1946లో అది ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. తోటలో చెట్ల నీడన చదునైన బాటలున్నాయి. ఉదయం పూట చిన్నా పెద్దా అక్కడ నిశ్చింతగా నడుస్తారు. ఆ నిశ్చింత గేటు దాటగానే పోతున్నది.

నగరం సైకిలు బాట వేయలేదని అనలేము. 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు వెంట 23 కిలోమీటర్ల పొడవున, నాలుగున్నర మీటర్ల వెడల్పున, పైన సౌర విద్యుత్ పలకలతో సైకిలు బాటను ప్రారంభించారు. మంచి పనే. అయితే అది వ్యాయామానికి పోయేవారికి ఎక్కువగా పనికివచ్చే చోటు. నిత్యం పని మీద నడిచేవారు, సైకిలు తొక్కేవారు ఉన్నది నాంపల్లి, ఆబిడ్స్ వంటి పాత బజారులలో.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. తోటలోనో ఊరి చివరో నడిచేవారికీ సైకిళ్లకూ ఒకే బాట చాలు. బజారు రద్దీలో రెంటినీ కలిపితే సైకిలు వచ్చి మనిషిని గుద్దుతుంది. కనుక స్టేషను రోడ్డులో రెండు బాటలు వేరుగా, మధ్య అంచు కట్టి ఉండాలి. ఫుట్‌పాత్‌పై అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంటే దాదాపు ఆరు అడుగులు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి ప్రమాణాలు చెబుతున్నాయి. పాదచారులకు ఫుట్‌పాత్ రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద హక్కేనని 2025 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

బాట పేరుతో చిల్లర వ్యాపారులను తరిమివేయడం న్యాయం కాదు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్‌పై పరిచే పాత పుస్తకాల కోసమే వచ్చే విద్యార్థులున్నారు. వీధి వ్యాపారులకు స్థలాలు కేటాయించే పద్ధతిని 2014 చట్టమే చూపింది. వారికి గీత గీసి చోటు ఇచ్చి, ముందుగా తొలగించవలసినది అడ్డంగా నిలిపిన వాహనాలను.

పబ్లిక్ గార్డెన్స్ గేటు నుంచి స్టేషను మీదుగా ఆబిడ్స్ పోస్టాఫీసు వరకు, మరోవైపు రెడ్‌హిల్స్ ఆసుపత్రుల వరకు ఎగుడుదిగుడు లేని బాట వేస్తే చాలు. దీనికి వంతెనలు కట్టనక్కరలేదు, ఇళ్లు కూల్చనక్కరలేదు. కూలి డబ్బులు కూడబెట్టుకొని బిడ్డ వైద్యానికి వచ్చిన తల్లికి ఆటో కిరాయి మిగిలితే, అది మందుకు అక్కరకు వస్తుంది. నగర పాలకులు ఈ లెక్క చూడవలసి ఉన్నది.