ఎల్సా తెలుగులో ఏమని పాడాలి?

సంక్రాంతికి అవనిగడ్డ దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరెళ్ళాం. రెండో తరగతి చదివే మా అక్క కూతురు భోగి రోజు పొద్దున్నుంచీ ఒకటే పాట. 'కేపాప్ డీమన్ హంటర్స్' సినిమాలో 'గోల్డెన్' అన్నమాట. మధ్యలో వచ్చే కొరియన్ ముక్కల్ని కూడా వదలకుండా పాడేస్తోంది. అరిసెలు వత్తుతున్న అమ్మమ్మ కాసేపు విని నన్నడిగింది.

"ఏంట్రా అది పాడతంది? ఏ సినిమాలోది?"

"బొమ్మల సినిమా అమ్మమ్మా. ఇంగ్లీషు పాట. మధ్యమధ్యలో కొరియా భాష."

"బానే ఉంది కానీ, మనం ఎట్టా పాడాలి దాన్ని?"

ఆ ప్రశ్న నాకు ఇంకా వదల్లేదు. ఆవిడ పాట బాలేదనలేదు. "మా రోజుల్లో" అంటూ మొదలుపెట్టలేదు. పిల్లతో కలిసి పాడదామనుకుంది, కుదర్లేదు, అంతే. కాసేపయ్యాక ఆవిడే 'వివాహ భోజనంబు' అందుకుంది. వంటింట్లోంచి అమ్మ, గుమ్మంలోంచి అక్క గొంతు కలిపారు. మధ్యాహ్నానికల్లా ఆ పిల్ల కూడా ఘటోత్కచుడిలా పొట్ట పట్టుకుని నవ్వడం నేర్చేసుకుంది.

నా పాయింట్ ముందే చెప్పేస్తా. ప్రపంచమంతా యానిమేషన్ సినిమా పాట ఎప్పుడో పాపులర్ మ్యూజిక్‌లో కలిసిపోయింది. మన దగ్గర కూడా పిల్లల నోళ్ళలోకి వచ్చేసింది. కానీ తెలుగులో రాలేదు. దానికి కారణం తెలుగు కాదు. మనం ఆ పాటల్ని డబ్ చేస్తున్నాం తప్ప రాయడం లేదు.

ముందు బయటి సంగతి చూద్దాం. డిస్నీ వాళ్ళ 'స్నో వైట్' 1937 డిసెంబర్‌లో వచ్చింది. మరుసటి ఏడాదే దాని పాటలు గ్రామఫోన్ రికార్డులుగా అమ్మారు. సినిమా సౌండ్‌ట్రాక్ ఆల్బమ్ అనే సంగతే అక్కడ మొదలైందంటారు. 1993లో 'అల్లాదీన్' పాట 'ఎ హోల్ న్యూ వరల్డ్' అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో నంబర్ వన్ అయింది. 2022లో 'ఎన్‌కాంటో' పాట 'వుయ్ డోంట్ టాక్ అబౌట్ బ్రూనో' ఏకంగా ఐదు వారాలు అదే స్థానంలో కూర్చుంది. తమాషా ఏంటంటే, ఆస్కార్‌కి డిస్నీ పంపింది ఈ పాట కాదు, అదే సినిమాలోని ఇంకో పాట. ఏది హిట్టవుతుందో తీసినవాళ్ళకే తెలియలేదు. సినిమా ఓటీటీలోకి రాగానే పిల్లలు ఇంట్లో పదిసార్లు, ఇరవైసార్లు పెట్టుకుని హిట్ చేసేశారు. 2025 ఆగస్టులో 'గోల్డెన్' వంతు వచ్చింది. అదే నెలలో ఆ సినిమా పాటలు నాలుగు ఒకేసారి టాప్ 10లో ఉన్నాయి.

మరి మనకేమైంది? మన బ్యాచ్ చిన్నతనం గుర్తుతెచ్చుకోండి. 'ఛోటా భీమ్' తీసింది హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్. 2008లో పోగోలో మొదలైంది. కానీ దాని టైటిల్ సాంగ్‌ని మేం హిందీలో పాడుకున్నాం, సగం మాటలకి అర్థం తెలియకుండానే. అంతకు ముందు మా అక్క వాళ్ళూ అంతే, దూరదర్శన్ 'జంగిల్ బుక్' పాటని హిందీలోనే పాడారు. 'ఫ్రోజెన్' వచ్చాక స్కూల్ యాన్యువల్ డేలో 'లెట్ ఇట్ గో' ఇంగ్లీషులో. ఇప్పుడు 'గోల్డెన్'. తరం మారినప్పుడల్లా భాష మారుతోంది కానీ తెలుగు వంతు మాత్రం రావట్లేదు.

'లెట్ ఇట్ గో' గురించి ఒక విషయం నన్ను బాగా గుచ్చింది. 2014 జనవరిలో డిస్నీ ఆ పాటని 25 భాషల్లో, ఒక్కో లైన్ ఒక్కో భాషలో వచ్చేలా వీడియో చేసి వదిలింది. అందులో డేనిష్ ఉంది, కాటలాన్ ఉంది. తెలుగే కాదు, హిందీతో సహా ఒక్క భారతీయ భాష కూడా లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8 కోట్ల పైమాటే. డెన్మార్క్ మొత్తం జనాభా 60 లక్షల చిల్లర. అంటే లెక్క జనాభాది కాదు. తన భాషలో పాట కావాలని ఎవరు అడుగుతారు, ఎవరు అడగరు అన్నదాని లెక్క.

ఆ తర్వాత తెలుగు డబ్బింగ్ పెరిగింది, కాదనను. 2019లో 'ఫ్రోజెన్ 2' తెలుగులో వచ్చింది. ఎల్సాకి నిత్యా మీనన్, చిన్నారి ఎల్సాకి మహేష్ బాబు కూతురు సితార గొంతిచ్చారు. అదే ఏడాది 'ది లయన్ కింగ్'లో సింబాకి నాని, 2024లో 'ముఫాసా'కి మహేష్ బాబు. పుంబా, టిమోన్‌లుగా బ్రహ్మానందం, అలీ. వాళ్ళిద్దరి డైలాగులకి థియేటర్లో జనం పడి పడి నవ్వారు. సరే, ఇప్పుడొక ప్రశ్న. ఈ మూడు సినిమాల్లో తెలుగు పాట ఒక్కటైనా పల్లవి వరకూ పాడగలరా? మా హాస్టల్ ఫ్లోర్‌లో అడిగా. ఒక్కడూ పాడలేదు. నేనూ పాడలేను. గొంతు ఎవరిదో పోస్టర్ చూసి చెప్పగలం. పాట రాసిందెవరో, పాడిందెవరో ఎవరికీ తెలీదు.

దీనికి రెండు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది, పాట మన చెవిన పడే దారి. మన తెలుగు సినిమా పాట సినిమా కంటే ముందే ఊరంతా తిరుగుతుంది. ముందు ప్రోమో, తర్వాత లిరికల్ వీడియో, రీల్స్, ఎఫ్ఎం, బెంజ్ సర్కిల్ దగ్గర ఆటోలో, బందరు బస్సులో, పెళ్ళి బ్యాండులో, చవితి పందిట్లో. సినిమా చూసేసరికి పాట మనకి చుట్టమైపోయి ఉంటుంది. డబ్బింగ్ యానిమేషన్ పాటకి ఈ యోగం లేదు. పీవీపీ మాల్‌లో స్క్రీన్ మీద ఒకసారి వినపడి, లైట్లు వేసేసరికి అయిపోతుంది. ఇంట్లో మళ్ళీ చూసేటప్పుడు పిల్లలు ఆడియో ఇంగ్లీషులోనే పెట్టుకుంటారు. ఒక్కసారి విన్న పాట ఏ భాషలోనూ నిలవదు.

రెండోది మన క్లబ్‌కి సంబంధించింది. డబ్బింగ్ పాటకి మూడు తాళాలుంటాయి. ట్యూన్‌లో ఉన్న అక్షరాల లెక్క తప్పకూడదు. తెర మీద బొమ్మ నోరు ఎలా తెరిస్తే ఆ శబ్దానికి దగ్గరగా ఉండాలి. అర్థం పోకూడదు. ఇంగ్లీషులో 'ఐ నో' అంటే రెండు అక్షరాలు. 'నాకు తెలుసు' అంటే ఐదు. మన ప్రత్యయాలన్నీ మాటకే అతుక్కుంటాయి కాబట్టి మాట పొడుగవుతుంది.

పోయిన సెమిస్టర్‌లో ఒక శనివారం సాయంత్రం మేం నలుగురం కూర్చుని 'లెట్ ఇట్ గో'కి తెలుగు పల్లవి రాద్దామని దిగాం. మొదటి మూడక్షరాల దగ్గరే గంటన్నర పోయింది. 'వదిలెయ్' అన్నాడొకడు. మూడక్షరాలు, లెక్క సరిపోయింది. పాడి చూస్తే, మంచుకొండ మీద నిలబడి ఎల్సా "వదిలెయ్ మామా, సప్లీలో చూసుకుందాం" అంటున్నట్టుంది. 'పోనీలే' బావుంటుందనుకున్నాం. పాలు పొంగిపోతే అమ్మమ్మ అనే మాట అది. సర్దుకుపోవడం ఉంది కానీ తెంచుకుపోవడం లేదు. 'వదులుకో' అంటే చివర్లో నోరు గుండ్రంగా తిరిగి 'గో'కి సరిగ్గా అతికింది. కానీ తెలుగులో వదులుకునేది విలువైనదాన్ని. అర్థం తిరగబడింది.

అప్పుడు అంతసేపూ ఫోన్ చూసుకుంటున్న జూనియర్ ఒకమ్మాయి తలెత్తకుండానే "ఎగిరిపో అనొచ్చుగా" అంది. నాలుగక్షరాలే కానీ ముందు రెండూ లఘువులు, ఒక్క స్వరంలో ఇమిడిపోతాయి. చివర్లో 'ఓ' ఉంది, ఎంతసేపైనా సాగదీసుకోవచ్చు. ఇంగ్లీషు మాటకి అది అనువాదం కానే కాదు. కానీ ఆ పిల్ల గుండెలో ఉన్నది అదే. పాడి చూశాం. రూమంతా ఒక్క క్షణం సైలెంట్ అయిపోయింది.

నాకు ఆ రోజు అర్థమైంది ఇది. తెలుగు పాటకి పనికిరాదనేది ఉత్త మాట. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. గాయకుడికి అంతకంటే ఏం కావాలి? కాకపోతే మాటకి మాట పెడితే కుదరదు. సందర్భం తీసుకుని, మన భాషలో అలాంటి మనిషి ఏమంటుందో ఆలోచించి, కొత్తగా రాయాలి. దానికి గంటన్నర కాదు, వారాలు పడుతుంది. రాసేవాళ్ళకి ఆ టైమూ, పేరూ, డబ్బూ ఇవ్వాలి.

అలా ధైర్యం చేసినచోట పని జరిగింది కూడా. ఖుషీ టీవీలో డోరా గుర్తుందా? ఇంగ్లీషులో 'బూట్స్' అనే కోతిపిల్ల మనకి 'బుజ్జి' అయిపోయింది. 'బూట్లు' అని అనువాదం చేసుంటే ఏమయ్యేదో ఊహించుకోండి. ఎవరో ఒక మనిషి డబ్బింగ్ స్క్రిప్టు ముందు కూర్చుని, ఇది మన పిల్లలు పిలుచుకునే పేరు కావాలి అనుకున్నారు. అందుకే ఇవాళ్టికీ ఇద్దరు ఫ్రెండ్స్ ఎప్పుడూ కలిసి తిరిగితే 'డోరా బుజ్జి' అంటున్నాం. 'చిట్టి చిలకమ్మ' సంగతీ అంతే. యూట్యూబ్‌లో ఆ యానిమేషన్ వీడియో పెట్టకపోతే ముద్ద మింగని పిల్లలు ప్రతి ఇంట్లో ఉన్నారు. పాట మనది, బొమ్మ కొత్తది, పెట్టినన్నిసార్లు వస్తుంది. ఇంకేం కావాలి?

అసలు బొమ్మ ఆడటం, వెనక మనిషి పాడటం మనకి కొత్తా? తోలుబొమ్మలాటలో రంగనాథ రామాయణం ద్విపదలు పాడిన ప్రాంతం మనది. 1957లో వచ్చిన 'మాయాబజార్' యానిమేషన్ సినిమా కాదు, మార్కస్ బార్ట్‌లీ కెమెరా మాయ. కానీ లడ్డూలు వాటంతటవే ఎగిరి నోట్లో పడుతుంటే నవ్వుతూ పాడే రాక్షసుడు కార్టూన్ పాత్ర కాక ఇంకేంటి? మన నూజివీడులో పుట్టిన ఎస్.వి. రంగారావు, పాడిన మాధవపెద్ది సత్యం కలిసి మనకో కార్టూన్ పాట ఇచ్చేశారని నేనంటాను. 2012లో 'ఈగ' వచ్చినప్పుడు నేను ఒకటో తరగతి. గ్రాఫిక్స్ ఈగ హీరో. ఆ ఈగ పాట పాడినవాళ్ళలో ఒకరైన రాహుల్ సిప్లిగంజే తర్వాత 'నాటు నాటు' పాడారు. మా క్లాసంతా చేతులు రెక్కల్లా ఆడిస్తూ ఈగ పాటకి గంతులేశాం. ఎవరూ నేర్పలేదు.

ఇక్కడ నా వాదనకి నేనే అడ్డుపడాలి. తెలుగులో పుట్టిన యానిమేషన్ సినిమాలు లేవా అంటే ఉన్నాయి. 'కిట్టు' 2006 సంవత్సరానికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ అవార్డు తీసుకుంది. 'మాయాబజార్'కి కె.వి. రెడ్డి దగ్గర పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 2008లో 'ఘటోత్కచ' యానిమేషన్ సినిమా తీశారు. సంగీతం కూడా ఆయనదే. వాటి పాటలు మనకి గుర్తున్నాయా? లేవు. కాబట్టి తెలుగులో పుడితే చాలదు, ఇంటింటికీ చేరాలి కూడా. 2008లో మన ఇళ్ళలో అందుకు దారి లేదు. ఇవాళ అందరి జేబులో ఉంది. 2025లో వచ్చిన 'మహావతార్ నరసింహ' చూడండి. మంగళగిరి పక్కనే ఉన్న మనకి నరసింహస్వామి కథ కొత్త కాదు. అయినా యానిమేషన్ సినిమాకి ఫ్యామిలీలు ఫ్యామిలీలు కదిలి వెళ్ళాయి. 'బాహుబలి' మీద కూడా యానిమేషన్ సినిమా ప్రకటించారు. జనం రారన్న సాకు ఇక చెల్లదు. మిగిలింది పాటే.

"పాటకి భాషేంటి బ్రో, ఫీల్ ఉంటే చాలు" అంటారని తెలుసు. నేనూ ఇయర్‌ఫోన్స్‌లో 'గోల్డెన్' వింటా. కానీ ఒకటి గమనించండి. అమెరికా చార్టుల కోసమని ఆ పాటలోంచి కొరియన్ తీసేయలేదు. అలాగే ఉంచారు, అవనిగడ్డలో మా పిల్ల కూడా పాడుతోంది. 'నాటు నాటు' తెలుగులో ఉండే 2023లో ఆస్కార్ తెచ్చుకుంది. మన భాష ఉంటే పాట ఆగిపోతుందనే భయం మనకి తప్ప బయటివాళ్ళకి లేదు.

మనలో సగం మంది కంప్యూటర్ సైన్స్. బ్లెండర్ తెలిసినవాళ్ళు, బీట్ కొట్టేవాళ్ళు, ఛందస్సు తెలిసినవాళ్ళు ఇదే క్యాంపస్‌లో, ఒకళ్ళకొకళ్ళు తెలియకుండా తిరుగుతున్నారు. ఫెస్ట్‌కి రెండు నిమిషాల బొమ్మ, ఒక తెలుగు పాట చేయలేమా? పల్లవి మొదటి మాట మా దగ్గర రెడీగా ఉంది. ఆ తర్వాతి లైన్ దగ్గర ఆగిపోయాం. శనివారం సాయంత్రం ఐదింటికి క్లబ్ రూమ్‌లో ఉంటాం, రండి. ఉగాదికి ఇంటికెళ్ళినప్పుడు అమ్మమ్మ మళ్ళీ "ఎట్టా పాడాలి" అని అడిగితే, ఈసారి నేర్పడానికి నా దగ్గర ఏదో ఒకటి ఉండాలి.