మోడెము మూగవోయినప్పుడు

పాత కంప్యూటరును మోడెముతోగూడ మరల మేల్కొలుపగోరి యొక సోదరి మమ్మడిగిరి. మా యనుభవమునే చెప్పుచున్నాము.

1999వ సంవత్సరమున మా పెద్దమ్మాయి అమెరికాలో పురిటికి సిద్ధముగ నుండెను. ఈమెయిలుపైననే మా యాశయంతయు. కంప్యూటరు పలుకును టెలిఫోను తీగపై బంపు మోడెమును అమ్మాయియే యచటినుండి తెచ్చియిచ్చినది. అది కాస్తయు 'డయల్ టోను లేదు' అని తెరపై వ్రాసి యూరకుండెను.

సోదరీమణులారా, యంత్రమును దూషించుటకు ముందు టెలిఫోను నెత్తి వినవలెను. మేము వింటిమి, ధ్వని స్పష్టముగనే యుండెను. గోడనుండి వచ్చు తీగయు మోడెము వెనుక 'లైను' అను రంధ్రముననే యుండెను. మరి లోపమెచ్చట?

మన డయల్ టోను 25 హెర్ట్జుల కంపముతో గూడిన 400 హెర్ట్జుల స్వరము. అమెరికాలోననో, 350, 440 హెర్ట్జుల స్వరములు రెండు కలిసి మ్రోగును. ఆ దేశపు యంత్రమునకు మన ధ్వని తెలియలేదు! భాష రాని క్రొత్తకోడలివలె, పిలుపు వినియు పలుకదాయెను.

విండోస్ 98లో మోడెము గుణముల పుటను దెరచి, డయల్ టోనుకై వేచియుండుమను గుర్తును దీసివేసితిమి. అట్టి గుర్తు కానరానిచో ఏ.టి.ఎక్స్.3 అను నాజ్ఞ నీయవలెను. అంతట మోడెము కీచుమని కూసి కలిసెను.

కలిసిన పిమ్మట అదే తీగపై నున్న రెండవ టెలిఫోను నెవ్వరు నెత్తరాదు, ఎత్తిరా, తెగును. మా అత్తగారు రెండుమారు లెత్తిరి. మూడవమారు జాబు దిగినది: ఆడపిల్ల, తల్లీబిడ్డలు క్షేమము.