మామయ్యగారి గడ్డం సబ్బు

మగవాళ్ళ గడ్డం సబ్బు గురించి మన పేజీలో ఏమిటి, ఈవిడకి రాయడానికి వంటలూ పచ్చళ్ళూ అయిపోయాయా అని ముక్కున వేలేసుకోకండి. ఇంట్లో పెద్దవాళ్ళు మంచాన పడితే ఆ గడ్డం గీసే పని చివరికి ఎవరి చేతికి వస్తుందో మీకు మాత్రం తెలియదా!

మా మామయ్యగారికి 80 దాటాయి. నిరుడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట కూడా ముద్దముద్దగా వస్తుంది. అంతకుముందు ఆయన ఒక్కరోజు కూడా మాసిన గడ్డంతో కనబడిన మనిషి కాదు. తెల్లారితే కాఫీ కంటే ముందు అద్దం, గ్లాసులో వేడినీళ్ళు, గోద్రెజ్ గుండ్రటి సబ్బు ఉండాల్సిందే. జబ్బు చేశాక వారానికోసారి ఇంటికొచ్చి గీసి వెళ్ళే అతను ఊరు మారిపోయాడు. మావారు ఏడింటికల్లా బయల్దేరాలి. పది రోజుల గడ్డంతో ఆయన గోడవైపు తిరిగి పడుకునేవారు. ఎవరైనా చూడటానికి వస్తే దుప్పటి మొహం మీదికి లాక్కునేవారు. అది చూడలేక "నేను గీస్తాను మామయ్యగారూ" అన్నాను. ఆయన కళ్ళు మూసేసుకున్నారు. కోడలు మామగారి మొహం ముట్టుకోవడం మా ఇంట్లో అలవాటు లేని పని. నాకూ చేతులు వణికాయి.

మొదటిరోజే పొరపాటు చేశాను. చేతికందిన స్నానం సబ్బు రుద్దేశాను. ఒక చెంప అయ్యేసరికి రెండో చెంప మీద నురగ ఆరిపోయి చారలు కట్టింది. దాని మీదే బ్లేడు లాగాను. రెండుచోట్ల తెగింది. ఆయనకి షుగర్, పైగా రక్తం పలచబడే మాత్రలు. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు నొక్కిపెట్టి, తడిపిన పటిక అద్దితే గానీ రక్తం ఆగలేదు. ఆయన ఒక్క మాట అనలేదు. నేనే వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

ఆ తర్వాత పంతం పట్టాను. కిరాణా కొట్టులో దొరికిన గుండ్రటి సబ్బు, స్టిక్ సబ్బు, ట్యూబు క్రీము, మా తమ్ముడి కొడుకు అమెరికా నుంచి వస్తూ తెచ్చిన డబ్బా సబ్బు, నాలుగూ ముందు పెట్టుకుని, ఒకే బ్రష్షుతో, ఒకే నీళ్ళతో, నా ముంజేతి మీద రోజుకొకటి చొప్పున పూసి గడియారం చూశాను. మావారు నవ్వారనుకోండి. నవ్వనివ్వండి.

స్నానం సబ్బు ఎందుకు పనికిరాదో కూడా అప్పుడే తెలుసుకున్నాను. మామూలు స్నానం సబ్బుకి నూనెలో కాస్టిక్ సోడా కలుపుతారు. గడ్డం సబ్బులో పొటాష్ క్షారం కూడా పడుతుంది, అందుకని తొందరగా కరిగి మెత్తటి నురగ ఇస్తుంది. స్టియరిక్ ఆమ్లం కూడా ఎక్కువ వేస్తారు. దానివల్ల బుడగలు చిన్నవిగా, మీగడలాగా దగ్గరగా ఉంటాయి, ఓ పట్టాన ఆరవు. కొబ్బరినూనె బుడగలు పెద్దవి. చూడటానికి బోలెడంత నురగ, ఎంత తొందరగా పొంగుతుందో అంత తొందరగా పోతుంది. అది మరీ ఎక్కువైతే చర్మం లాగేసినట్టు ఉంటుంది. కాబట్టి నురగ ఎంత పొంగిందని కాదు, ఎంతసేపు తడిగా నిలిచిందని చూడాలి. స్నానం సబ్బు నా చేతి మీద రెండు నిమిషాలు నిలవలేదు. గుండ్రటిదీ, స్టిక్కూ ఆరేడు నిమిషాలు ఉన్నాయి. ట్యూబు క్రీము ఇంకాస్త ఎక్కువే ఉంది, అన్నిటికంటే తొందరగా నురగ వచ్చిందీ దానికే. ఏమాటకామాటే చెప్పుకోవాలి.

అన్నట్టు, పొట్లం మీద టాలోయేట్ అని రాసి ఉంటే అది పశువుల కొవ్వుతో చేసినది. పామేట్ అంటే పామాయిలు, కోకోయేట్ అంటే కొబ్బరినూనె. పట్టింపు ఉన్న ఇళ్ళవాళ్ళు చూసి కొనుక్కోండి.

సబ్బు కంటే ముందు నీళ్ళ సంగతి చూడాలి. మా బోరు నీళ్ళు పాత్రల మీద తెల్లచార కట్టే రకం. అందులో ఉండే సున్నం సబ్బుతో కలిసి తెట్టు కడుతుంది గానీ నురగ కట్టదు. అదే సబ్బుని మేం తాగే ఫిల్టరు నీళ్ళతో కలిపితే సగం సబ్బుకే రెట్టింపు నురగ వచ్చింది. ఒక గ్లాసుడు నీళ్ళు సరిపోతాయి, లోభించకండి.

ఇక వాసన. గంధం అంటే మనకి గుర్తొచ్చేది మైసూర్ శాండల్. 1916లో బెంగళూరులో పెట్టిన సర్కారు ఫ్యాక్టరీ అది, అయితే ఆ సబ్బు స్నానానికి. ట్యూబు మీద గంధం అని ఉంది గానీ ఆ వాసనకీ దీనికీ చుట్టరికం లేదు. అమెరికా డబ్బాలో మెంథాల్ ఉంది. నా చేతికి చల్లగా హాయిగానే అనిపించింది. మామయ్యగారికి పైపెదవి మీద పూయగానే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. మెంథాల్ నిజంగా చల్లబరచదు, చలవ చేసినట్టు చర్మానికి అనిపింపజేస్తుంది, అంతే. ముసలివాళ్ళ పల్చటి చర్మానికి ఘాటు వాసనలు వద్దు. కొత్త సబ్బు ఏదైనా ముందు వాళ్ళ ముంజేతి మీద పూసి కడిగి, ఒక రోజు ఆగి, దద్దురూ దురదా లేకపోతేనే మొహానికి వాడండి.

గుండ్రటి సబ్బు కలిపిన రోజు మావారు గుమ్మంలో ఆగిపోయి, "నాన్న ఆఫీసుకి వెళ్తున్నట్టుంది" అన్నారు.

నేను చివరికి ఆ సబ్బే ఉంచాను. నురగలో ట్యూబుదే పైచేయి అని చెప్పానుగా, మరి ఇదెందుకంటారా? ట్యూబు మూత తియ్యాలంటే రెండు చేతులు కావాలి. సబ్బుబిళ్ళ అడుగు తడిపి చిన్న స్టీలు గిన్నెలో గట్టిగా అదిమి ఒక పూట వదిలేస్తే అంటుకుపోతుంది, తిరగదు. దాని మీద బ్రష్షు తిప్పడానికి ఒక్క చెయ్యి చాలు. మూడోవారం నేను బ్రష్షు అందుకోబోతే, మామయ్యగారు ఎడంచేత్తో నా దగ్గర్నుంచి లాక్కున్నారు. సగం నురగ చెవిలోకి వెళ్ళింది, కొంత దుప్పటి మీద పడింది. అయినా పూసుకున్నది ఆయనే. ఇప్పుడు నురగ పని ఆయనది, బ్లేడు పని నాది.

ఆ బ్లేడు పని ఎలాగంటే, ముందు గోరువెచ్చటి నీళ్ళలో పిండిన తువ్వాలు మూడు నిమిషాలు గడ్డం మీద ఉంచుతాను. తడికి వెంట్రుక ఉబ్బి మెత్తబడుతుంది. వేడి ముందు మన మోచేతికి చూసుకోవాలి. పక్షవాతం వచ్చినవైపు స్పర్శ సరిగా ఉండదు, కాలినా చెప్పలేరు. చర్మం వేలితో కొంచెం సాగదీసి, వెంట్రుక వాలు ఎటుంటే అటే, నొక్కకుండా గీస్తాను. ఎదురు గీయను, కాస్త గరుకు మిగిలితే మిగలనీ. బ్లేడు మొండిబడేదాకా ఆగను. చల్లటి నీళ్ళతో కడిగి, రుద్దకుండా అద్ది, ఒక చుక్క కొబ్బరినూనె రాస్తాను. రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి బ్లేడు వాడవచ్చా, కరెంటు షేవరు మంచిదా అన్నది డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి. మేమూ అడిగాకే రెండోసారి మొదలుపెట్టాం.

పని అయ్యాక గిన్నెలో నీళ్ళు వంపేసి, బ్రష్షు దులిపి, కుచ్చు కిందికి ఉండేలా మేకుకి తగిలించండి. లేకపోతే సబ్బు నాని నెలకి రావాల్సింది పది రోజులకే అయిపోతుంది.